క్రాంకు పుల్లీ బిగింపు: సుత్తె చేయరాని పని

ఎద్దుబండి యిరుసునకు కందెన వేయుట యెరుగని రైతు మన పల్లెలలో లేడు. చక్రము పక్కకు ఊగినను, కడచీల వదులైనను కంటితో చూచి, చెవితో విని, దారిలోనే దిగి సరిచేసికొను నేర్పు మన పెద్దలకు ఉండెను. నేడు ఆ యెద్దుబండి చేయుపనిలో పెద్ద భాగము మోటారు బండి చేయుచున్నది. దానికి చక్రములు నాలుగేయని మనము లెక్కింతుము. కాని యింజను ముందు భాగమున, బెల్టు వెనుక దాగియుండి, మన కంట బడక తిరుగు చక్రము మరియొకటి కలదు. మేస్త్రీలు దానిని క్రాంకు పుల్లీయనియు, డాంపర్ పుల్లీయనియు పిలుతురు. కంపెనీల పుస్తకములలో దాని పేరు హార్మోనిక్ బాలెన్సరు. ఈ చక్రమును గూర్చియు, దానిని బిగించు విధమును గూర్చియు సభ్యులకు తెలుపుట యీ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

నాగల్‌గిద్ద సంగారెడ్డి జిల్లా పడమటి కొసన, కర్ణాటకపు సరిహద్దున నున్నది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ప్రత్యేక మండలమైనది. మన కంది, పెసర, మినుము, సోయా, పత్తి నారాయణఖేడుకో, జహీరాబాదుకో, బీదరుకో చేరినప్పుడే మనకు రూపాయి. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిన కాలమున మోటారు బండియనగా పల్లెవానికి వింత. నేడు సొంతముగా గాని, అప్పుపై గాని సరకుబండి కొన్న రైతులు ప్రతి గ్రామమునను కలరు. బండి నిలిచిన నాడు పంట నిలుచును. పంట నిలిచిన నాడు అప్పు వాయిదా నిలుచును. కావున ఇంజను సంగతి మేస్త్రీదే గాని మనది కాదని యూరకుండుట తగదు.

మేము చూచిన యొక సంగతి

కంది రాశులు జరుగుచున్న దినములలో మన సభ్యులొకరు తమ డీజిలు సరకుబండిలో బస్తాలు నింపుకొని బీదరు దారి పట్టిరి. సగము దూరము పోకమునుపే బండి ముందు భాగమున కీచుమను శబ్దము పుట్టినది. బ్యాటరీ యెర్రదీపము వెలిగినది. కొంతసేపటికి బెల్టు తెగిపోయి, నీటి పంపు నిలిచి, ఇంజను కాగిపోయెను. దారి పక్కనున్న యొక పనిశాలకు బండిని లాగించుకొని పోగా, క్రాంకు పుల్లీలోని రబ్బరు ఊడి పై కడియము జారినదని తేలినది. కొత్త పుల్లీ తెప్పించిరి. అది క్రాంకు కొనపై బిగువుగా నుండి చేతితో ఎక్కలేదు.

“రెండు దెబ్బలు వేసిన కూర్చుండును పటేలా, దీనికింత ఆలోచన యెందుకు?” అని పనివాడు సుత్తె యెత్తెను. సగము దూరము సుత్తెతోను, మిగిలిన సగము పాత బోల్టుతో లాగియు పుల్లీని యెక్కించెను. బండి కదలినది. సభ్యుడు సంతోషించెను. కాని ఆ దినపు అంగడి దాటిపోయినందున, మరునాడు దొరికిన ధరకే కందులు అమ్ముకొనవలసి వచ్చినది.

కథ అంతటితో ముగియలేదు. కొన్ని వారములకే ఇంజను ముందునుండి నూనె కారసాగినది. ఒకనాడు పుల్లీ బోల్టు వదులై ఊగులాడెను. విప్పి చూడగా క్రాంకు కొనలోని మరలు సగమునకు పైగా చెరిగి యుండెను. కొత్త పుల్లీ రబ్బరు అప్పుడే ఒకవైపు చీలియుండెను. ఆ పుల్లీ ధర భరింపవచ్చును. కాని క్రాంకు మరలు బాగుచేయుటకు ఇంజను దింపవలసి వచ్చినది. ఆ ఖర్చును చూచి సభ్యుడు మా యొద్దకు వచ్చి, “వాయిదాకు దాచిన రూకలు దీనికే పోయినవి, నేనేమి చేయుదును?” అని విచారించెను. ఆ పనివానిని నిందించుట మా అభిమతము కాదు. అతనియొద్ద సుత్తె యున్నది. తగిన సాధనము లేదు. అసలు లోపమచ్చట నున్నది.

ఈ చక్రము చేయుపని యేమి?

ఇంజనులో పిస్టన్లు క్రిందికి నెట్టగా తిరుగు ఉక్కు దండమే క్రాంకు. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ఒక్క చుట్టు తిరుగులోపల రెండుమార్లు మంట పుట్టి రెండు తోపులు తగులును. ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునప్పుడు 4,000 తోపులు, అనగా సెకనుకు 66కు పైగా తగులునన్నమాట. ప్రతి తోపుకు ఆ దండము, తడి పంచెను పిండునప్పుడు మెలితిరిగినట్లు, కంటికి కానరానంత మెలితిరిగి మరల విడివడును. వెనుక కొనకు బరువైన ఫ్లైవీలు ఉండుటచే ఆ కొన స్థిరముగా నుండును. ముందు కొన మిక్కిలి అదురును.

ఊయలను ఊపు పిల్లవానిని చూడుడు. ఊయల వెనుకకు వచ్చిన ప్రతిమారు సరియైన సమయమున చిన్న తోపునిచ్చిన చాలును. అది పెద్దగా ఊగును. ఇంజను కొన్ని వేగములలో నడచునప్పుడు మంట తోపులు దండము యొక్క సహజమైన అదురుతో ఇట్లే కలిసికొనును. అప్పుడు మెలిక క్రమక్రమముగా పెరిగి, ఉక్కు అలసి, పగులు పుట్టి, తుదకు దండమే విరుగవచ్చును. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో ఆరు సిలిండర్ల కార్లు వచ్చినప్పుడు వాటి పొడవైన క్రాంకులు ఈ కారణముననే విరుగుచుండెను. ఇంగ్లండు దేశపు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టరు (1868–1946) ఈ యదురును అణచు సాధనమునకు 1910లో పేటెంటు పొందెను. ఆయన నూనెలోనుండు బిళ్లల రాపిడిచే అదురును అణచెను. ఆ పనికి రబ్బరును వాడుట తరువాత వచ్చినది.

నేటి పుల్లీలో మూడు భాగములుండును. నడుమ క్రాంకుపై కూర్చుండు ఇనుప బొడ్డు. చుట్టును బరువైన ఇనుప కడియము. రెంటినడుమ పలుచని రబ్బరు పట్టీ. క్రాంకు కొన అదరినప్పుడు బొడ్డు దానితోగూడ అదరును. బరువైన కడియము తన వేగమును విడువనొల్లక కొంచెము వెనుకబడును. నడుమనున్న రబ్బరు ఆ తేడాను తానోర్చుకొని నలిగి, అదురును వేడిగా మార్చివేయును. కావున ఇది కేవలము బెల్టు త్రిప్పు పుల్లీ కాదు, క్రాంకుకు కాపలావాడు. రబ్బరు చచ్చిన పుల్లీ పైకి తిరుగుచునేయున్నను, కాపలా మాత్రము ఉండదు.

ఇచ్చట రెండు మాటలు గమనింపవలెను. మన పొలములలోని రెండు, మూడు సిలిండర్ల ట్రాక్టర్లలో పెక్కింటికి ముందున్నది రబ్బరు లేని సాదా పుల్లీయే. ఏది యెట్టిదో ఆ బండి పుస్తకము చూచి తెలిసికొనవలయును. ఏదైనను క్రింద చెప్పిన బిగింపు జాగ్రత్తలలో పెక్కులు రెంటికిని చెల్లును. మరియు కొన్ని నాలుగు సిలిండర్ల ఇంజన్లలో నూనె తొట్టి యందో, ప్రక్కనో జంట దండములు తిరుగుచుండును. వాటిని గూడ బాలెన్సరనియే పిలుతురు. అవి వేరు, ఈ పుల్లీ వేరు.

చెడినదని యెట్లు తెలియును?

ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట చూడవలయును. రబ్బరు పట్టీ పగిలినదా, ఉబ్బి బయటికి వచ్చినదా, నూనె తగిలి మెత్తబడినదా పరీక్షింపుడు. బొడ్డునుండి కడియము మీదుగా సుద్దముక్కతో నొక తిన్నని గీత గీయుడు. కొన్ని దినములు నడపిన పిమ్మట ఆ గీత రెండుముక్కలై పక్కకు జరిగియున్నచో కడియము జారినదన్నమాట. ఇంజను తిరుగునప్పుడు దూరమునుండి చూడగా పుల్లీ ఊగుచున్నను, బెల్టు అంచు ఒకేవైపు అరుగుచున్నను అనుమానింపవలసినదే. కొన్ని ఇంజన్లలో సమయపు గుర్తు ఈ కడియము మీదనే యుండును. కడియము జారిన గుర్తు అబద్ధమాడును. ఆ గుర్తును నమ్మి చేసిన సర్దుబాటంతయు తప్పగును.

విప్పుటలో జాగ్రత్తలు

బండిని సమతల భూమిపై నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టవలయును. బ్యాటరీ యొక్క మైనసు తీగ విప్పవలయును. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎట్లు పోవుచున్నదో కాగితముపై గీసికొని పిమ్మట తీయుడు. ఈ చిన్న పని చేయక గంటలకొలది తడుముకొన్నవారిని మేము చూచితిమి.

నడిమి బోల్టు మిక్కిలి బిగువుగా నుండును. క్రాంకు తిరుగకుండ ఫ్లైవీలు వద్ద తగిన సాధనముతో నిలుపవలయును. బోల్టుకు పాన తగిలించి, పాన పిడిని నేలకానించి, స్టార్టరు మోటారును త్రిప్పి విప్పు మోటుపద్ధతి యొకటి కలదు. అది చేతులు విరుచు పద్ధతి. దానికి దూరముగా నుండుడు.

పుల్లీని లాగుటకు పుల్లరు కావలయును. బొడ్డులో మరలున్న రంధ్రములుండును. పుల్లరు బోల్టులను ఆ రంధ్రములలో బిగించి బొడ్డునే లాగవలయును. గోళ్ల పుల్లరును బయటి కడియమునకు తగిలించి లాగిన రబ్బరు చినిగిపోవును. పుల్లరు నడిమి మర క్రాంకు కొనలోని మరలపై నేరుగా ఆనకుండ, నడుమ తగిన యినుప బిళ్ల నుంచవలయును.

ఎక్కించు విధము

మొదట పాత పుల్లీని, కొత్త పుల్లీని పక్కపక్కన నుంచి పోల్చుడు. వ్యాసము, లోతు, బెల్టు గాళ్ల సంఖ్య, కీ గాడి, సమయపు గుర్తు, బరువు కొరకు ఒకవైపు పెట్టిన మందము, అన్నియు ఒక్కటిగా నుండవలయును. చూచుటకు ఒక్కటే యైనను వేరొక ఇంజను పుల్లీ పనికిరాదు. ఏ వేగమున ఏ అదురును అణచవలయునో ఆ ఇంజను కొరకే లెక్కించి కడియపు బరువును, రబ్బరు బిగువును నిర్ణయింతురు.

తరువాత ఆయిలు సీలు చూడుడు. బొడ్డుపై సీలు పెదవి రాచిన చోట గాడి పడియున్నచో పాత బొడ్డు మరల వాడిన నూనె కారుట మానదు. సీలు ఎండిపోయినచో ఇప్పుడే మార్చుట మేలు. క్రాంకు కొనను, కీని, కీ గాడిని శుభ్రము చేసి, గరకు లేకుండ చూడుడు. కీ అరిగియున్న కొత్తది వేయుడు. సీలు పెదవికిని, బొడ్డునకును పలుచగా నూనె రాయుడు. బొడ్డుకు మంట పెట్టి వేడిచేయరాదు, రబ్బరు నశించును.

కీ గాడికి కీ సరిగా ఎదురుపడునట్లు పుల్లీని చేతితో తిన్నగా మొదలుపెట్టుడు. ఇక్కడినుండియే సుత్తె చేయరాని పని మొదలగును. కొన్ని ఇంజన్లలో పుల్లీ చేతితోనే కూర్చుండును. కొన్నింటిలో నొక్కి యెక్కింపవలయును. నొక్కి యెక్కింపవలసిన చోట ఎక్కించు సాధనము వాడవలయును. అది పొడవైన మరదండము. దాని యొక కొనను క్రాంకులోని మరలలో, వ్యాసమంత లోతుకు తక్కువ కాకుండ, చేతితో పూర్తిగా త్రిప్పి దింపవలయును. పిమ్మట దండముపై బేరింగు బిళ్ల, దానిపై నట్టు వచ్చును. దండము కదలక నిలువగా, నట్టును త్రిప్పిన కొలది అది బొడ్డును తిన్నగా లోనికి నెట్టును.

అసలు బోల్టుతోనే ఏల లాగరాదు? బొడ్డు ఇంకను బయట నుండగా బోల్టు కొన క్రాంకులో రెండుమూడు మరలను మాత్రమే పట్టుకొనును. బరువంతయు ఆ రెండుమూడు మరలపై పడి అవి చెరిగిపోవును. మన సభ్యుని క్రాంకుకు జరిగినది ఇదియే. ఇక సుత్తె యేల కూడదు? ప్రతి దెబ్బ రబ్బరు పట్టును సడలించును; బొడ్డును వంకరగా దింపును; దండము వెంట లోనికి పోయి క్రాంకు ముందు వెనుకలకు జరుగకుండ ఆపు బేరింగును గాయపరచును. పైకి ఏమియు కానరాదు. తప్పు నేడు జరుగును. ఫలము రాబోవు పంటకాలమున తెలియును.

పుల్లీ పూర్తిగా ఆనిన పిమ్మట సాధనము తీసి, నడిమి బోల్టు వేయవలయును. కొన్ని ఇంజన్లలో ఈ బోల్టు ఒకమారు బిగించిన సాగునట్లు చేయబడియుండును. అట్టిది కొత్తది వేయవలెనని పుస్తకము చెప్పినచో పాతది మరల వాడరాదు. ఎంత బిగువు కావలయునో ఆ బండి పుస్తకములో అంకె యుండును. ఆ అంకెకు టార్కు పానతో బిగింపుడు. చేతి యంచనా చాలదు. తక్కువైన ఊడును, ఎక్కువైన తెగును. ఒక బండి అంకెను మరియొక బండికి వాడవద్దు.

బెల్టును గీసికొన్న బొమ్మ ప్రకారము వేసి, ఇంజనును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, ఎచ్చటను తగులుటలేదని తెలిసికొన్న పిమ్మటనే స్టార్టు చేయుడు. అప్పుడు బెల్టునకు ఎదురుగా నిలువక ప్రక్కన నిలిచి చూడుడు. భుజముపై తువాలు, వ్రేలాడు పంచె కొంగు దగ్గర నుండరాదు. ఒకటి రెండు దినముల పిమ్మట నూనె చెమ్మ కలదేమో, ఊగుట కలదేమో మరియొకమారు పరీక్షింపుడు.

ఉమ్మడి సాధనము

మన సభ్యుని బండికి రెండవ మారు పుల్లీ ఎక్కించునప్పుడు మేము దగ్గరనుండి చూచితిమి. మేస్త్రీ పట్టణమునుండి ఆ మరదండమును అడిగి తెచ్చియుండెను. కీ సరిచూచి, దండము దింపి, నట్టు త్రిప్పుచుండగా, పుల్లీ ఏ చప్పుడును లేక తన చోటికి పోయి కూర్చుండెను. సుత్తె గోడవార పడియే యుండెను. సభ్యుడు దానివైపు చూచి, “ఇంత చిన్న వస్తువు ఆనాడు లేకపోయెనే” అనెను. ఆ మాట మమ్ము విడువలేదు.

ఒక రైతు ఈ సాధనమును తన జన్మలో రెండుమూడు మార్లకంటె వాడడు. కావున తానొక్కడే కొనుట దండుగ. పల్లె మేస్త్రీకి గూడ అన్ని కొలతల సాధనములు కొనుట బరువే. కాని నూరిళ్లకు కావలసినది ఒక్కరు కొనలేనప్పుడు అందరు కలిసి కొనుటకే గదా సహకార సంఘములు పుట్టినవి! 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది మొదలు అప్పు, ఎరువు, విత్తనము ఈ మార్గమున వచ్చినవి. పనిముట్టు మాత్రము ఏల రారాదు?

కావున మా సూచన యిది. సంఘపు గిడ్డంగిలో ఒక చెక్క పెట్టె యుండవలయును. అందులో మరరంధ్రముల పుల్లరు ఒకటి, ఎక్కించు మరదండములు మన గ్రామములలోని బండ్ల కొలతలకు తగినన్ని, టార్కు పాన ఒకటి యుంచవలయును. ఏ కొలతలు కావలయునో కొనుటకు ముందు సభ్యుల బండ్ల జాబితా వ్రాసి, తెలిసిన మేస్త్రీతో సరిచూచుకొనుట మేలు. తీసికొనువారు పుస్తకములో సంతకము చేసి, కొద్ది ధరావతు కట్టి, పని ముగియగనే తుడిచి తిరిగి యీయవలయును. టార్కు పానను వాడిన పిమ్మట అతి తక్కువ అంకెకు వదులుచేసి పెట్టెలో నుంచవలయును. దానితో బిగిసిన బోల్టులు విప్పరాదు. పెట్టె మూతపై “సుత్తె వాడరాదు” అని పెద్ద అక్షరములతో వ్రాయించుడు. తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడ, మరాఠీలలో గూడ వ్రాయించిన, మన సరిహద్దు మేస్త్రీలందరికి తెలియును.

ఇది పెద్ద పని కాదు. పెద్ద సభ, పెద్ద మూలధనము అక్కరలేదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఎవరైన నొక సభ్యుడు లేచి యీ మాట యెత్తిన చాలును. కంది బస్తాలతో దారిలో నిలిచిన యొక్క బండిని అది కాపాడినను, ఆ యింటి వాయిదా కాపాడినట్లే. మన పెద్దలు కందెన కుండను బండి క్రింద వ్రేలాడగట్టుకొని బయలుదేరెడివారు. మన బండికి తగిన కందెన కుండను మన మందరము కలిసి సంఘములో నుంచుకొందము.